ప్రధానపు ఉంగరానికి జోడు

తడిసిన దారం వేలికి చల్లగా తగులుతుంది.

అంట్లు తోమాక చల్లగా. బియ్యం కడిగాక చల్లగా. చెయ్యంతా ఆరిపోయినా ఉంగరం కింద ఆ కాస్త చోటు ఆరదు. రొయ్యల గుంటల మీదుగా ఉప్పుగాలి వంటింట్లోకి వస్తుంది, చీర కొంగును ఆరబెడుతుంది, గోడను ఆరబెడుతుంది, పోతుంది. నా వేలు మాత్రం చల్లగానే ఉంటుంది...

ఎడమ చేతి ఉంగరపు వేలు. దాని మీద, చర్చిలో మా ప్రధానం జరిగిన రోజున ఫ్రెడ్డీ తొడిగిన ఉంగరం. ఒక్కటే వజ్రం, కొర్రగింజ కంటే కాస్త పెద్దది. ఉంగరం అడుగున, అరచేతి వైపు, నేను చుట్టిన పసుపు దారం. బంగారంలో కలిసిపోయే రంగు ఏరి మరీ చుట్టాను. జాకెట్లు కుట్టేదాన్ని, నాకు దారాలకు కరువా?

ఉంగరం జారుతోంది. అందుకే దారం.

వేలు సన్నబడుతోంది. అందుకే ఉంగరం జారుతోంది.

వేలు ఎందుకు సన్నబడుతోందో — ఆ మాట దగ్గరికి మాత్రం పోను.

పోకపోతే పోతుందా? ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర, ఒక గడ్డ ఉంది. బఠాణీ గింజంత ఉన్నప్పుడు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఇప్పుడది బఠాణీ గింజంత లేదు. ఎవరికీ చెప్పలేదు. ఫ్రెడ్డీకి చెప్పలేదు. డాక్టరుకు చూపించలేదు. స్త్రీల కూటంలో ప్రార్థన మనవులు చెప్పమంటే, "రెండో వీధి అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు" అన్నాను. ఊళ్ళో అందరి మోకాళ్ళకూ కన్నీళ్ళతో ప్రార్థించాను. నా సంగతి దేవుడికి కూడా చెప్పలేదు. ఆయనకు తెలియక కాదు. నా నోటితో అంటే నిజమైపోతుందని భయం.

భయం. ఇంకో మాట లేదు. పొద్దున లేస్తే భయం, మిషను ముందు కూర్చుంటే భయం.

మా అమ్మ రెబెక్కమ్మ కూడా ఉంగరానికి దారం చుట్టింది.

నల్ల దారం. "ఉంగరం తిరిగిపోయి పనికి అడ్డం వస్తుంది, అందుకే" అంది. మేం నమ్మాం. ఆమె రొమ్ములోది బయటపడేసరికి చెన్నైలో డాక్టర్లు ఆమెతో మాట్లాడడం మానేసి, మా నాన్నను పక్కకు పిలిచి మాట్లాడారు. ఆఖరున ఆ దారం విప్పి ఉంగరం తీసింది నేనే. ఆ ముడి ఎలా ఉందో నా వేళ్ళకు ఇప్పటికీ గుర్తు. నేను వేసిందీ అదే ముడి.

ఇంతలో పెళ్ళిరోజు వచ్చిపడింది.

"ఏందిమే, పదిహేనేళ్ళు నన్ను భరించినావు," అన్నాడు ఫ్రెడ్డీ. "ఈసారి గుంటల్లో రొయ్యల పంట బాగా వచ్చింది గదా. నీకు వజ్రాల బ్యాండు కొనిపెడతా. ప్రధానపు ఉంగరానికి జోడు."

ఫోనులో బొమ్మలు చూపించాడు. ఒక ఉంగరం, దాని పక్కనే దానికి ఆనుకుని సన్నటి వజ్రాల వరస. రెండూ ఒకే వేలికి. వేరే ఆడవాళ్ళయితే ఎగిరి గంతేస్తారు. నేను తప్పించుకునే దారి వెతికాను. చెవులకు కొనండి అన్నాను. మెడలోకి కొనండి అన్నాను. సైజు నేను చెబుతాను, ఆన్‌లైన్లో తెప్పించండి అన్నాను. వినలేదు. మా ఆయన మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, ప్రేమగా మన ప్రాణం మీదికి తెస్తారు.

ఆయనకు తెలియకుండా ఎలా దాచావని ఎవరైనా అడగొచ్చు.

నా జాకెట్లు నేనే పక్కలు పట్టేసుకున్నాను. ఒకసారి... మళ్ళీ ఒకసారి. ఊళ్ళో ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు చిక్కారో నా టేపుకు తెలుస్తుంది. నా ఒంటికి మాత్రం టేపు పెట్టను. కంటి అంచనాతోనే కుట్టేస్తాను. ఆయన నడిచేటప్పుడు చెయ్యి పట్టుకుంటే కుడి పక్కకు తిరిగి కుడి చెయ్యే ఇచ్చాను. చీర మసక చీకట్లోనే మార్చుకున్నాను. భయపడే మనిషికి తెలివితేటలు ఎక్కడినుంచి వస్తాయో తెలియదు.

పైగా ఫ్రెడ్డీ కళ్ళు మామూలువి కావు.

పొద్దున్నే గుంటలో చెక్ ట్రే పైకి తీస్తాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి నీళ్ళలో వేలాడదీసే వలపళ్ళెం అది. అందులోంచి ఒక రొయ్యను రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కుతాడు. గట్టిగా ఉంటే నీళ్ళలోకి వదిలేస్తాడు. పెంకు లోపలికి నొక్కుకుపోతే ఆ రోజు సరిగా అన్నం తినడు. లూజ్ షెల్ అంటారు దాన్ని. పెంకు ఎప్పటిలాగే ఉంటుంది, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది. చూస్తే తెలియదు, నొక్కితేనే తెలుస్తుంది అంటాడు.

ఆ మాట చెప్పినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని.

నెల్లూరికి బండి మీద పోయాం. దారికి రెండు పక్కలా గుంటలు, గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళను చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఎడమ చెయ్యి కొంగులో దాచుకున్నాను. గాలి విసురుగా ఉంది. దారం చుట్టినా సరే, ఉంగరం తిరిగింది... వజ్రం అరచేతిలోకి వచ్చింది. గుప్పిట మూశాను. గుచ్చుకుంటున్నా తెరవలేదు.

ట్రంకు రోడ్డులో నగల షాపు. లోపల చలి.

కౌంటర్లో ఉన్న అమ్మాయి పేరు షబానా. చొక్కాకు పేరు బిళ్ళ పెట్టుకుంది. "కూర్చోండి అక్కా. సార్, మీరు కూడా. పెళ్ళిరోజా? మాషా అల్లా, ఎన్నేళ్ళు?" నవ్వుమొహం. నేనంటే జాలి లేని నవ్వు, అంటే నా సంగతి తెలియని నవ్వు. ఆ నవ్వు నాకు హాయిగా అనిపించింది.

నల్ల మఖమలు పళ్ళెంలో బ్యాండ్లు పెట్టింది.

మొదటిదాంట్లో రాళ్ళను చిన్న కొక్కేలు పట్టుకుని ఉన్నాయి. బాగా మెరుస్తోంది. "షిఫాన్ గుడ్డ తగులుకుంటే దారాలు లేచిపోతాయి" అన్నాను. రెండోదాంట్లో రాళ్ళు బంగారంలోకి దిగి ఉన్నాయి, పైన చెయ్యి రాస్తే నునుపుగా ఉంది. మూడోది మధ్యలో వంపు తిరిగి ఉంది. ప్రధానపు ఉంగరంలో రాయి ఎత్తుగా ఉంటే ఆ వంపులో కూర్చుంటుందట. పక్కపక్కన రెండూ రాసుకుంటే పాతది అరుగుతుందా అని అడిగాను. తెల్ల బంగారమా, పచ్చ బంగారమా అని అడిగాను. ఒక రాయి ఊడిపోతే ఎలా అని అడిగాను. నేను అడగని ప్రశ్న లేదు. ప్రశ్నలు అడిగినంతసేపూ ఉంగరం తీయమనరు గదా.

ఫ్రెడ్డీ మురిసిపోతున్నాడు. "చూసినావా, ఇప్పుడు మనసు పడింది" అని షబానాతో అన్నాడు.

నాకు రెండోదే నచ్చింది. నునుపుది. నిజంగానే నచ్చింది. అంత భయంలోనూ నచ్చడం ఉంటుందని అప్పుడు తెలిసింది.

అప్పుడు అడిగింది షబానా.

"అక్కా, ఆ ఉంగరం ఒకసారి తీసిస్తారా? పక్కన పెడితేనే జోడు కుదిరిందో లేదో తెలిసేది."

"రాదు," అన్నాను. "ఏళ్ళ తరబడి ఉంది. పట్టేసింది."

జారిపోయే ఉంగరాన్ని పట్టేసిందని చెప్పాను. నా నోటికి అంతకంటే మంచి అబద్ధం దొరకలేదు.

"అందరికీ ఇదే బాధక్కా. సబ్బునీళ్ళు తెస్తా ఉండండి."

"సబ్బెందుకు?" నవ్వాడు ఫ్రెడ్డీ. "మా అబిగయీలు నా చేతి వంట తిని లావైపోయింది. ఇట్టియ్యి మే." కొంగులోంచి నా ఎడమ చెయ్యి లాగాడు. గట్టిగా పట్టుకుని లాగాలనుకుని, ఉంగరం మీద రెండు వేళ్ళు వేశాడు.

లాగలేదు. అదే వచ్చేసింది.

దారంతో సహా ఆయన చేతిలోకి వచ్చేసింది.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఓ... దారం చుట్టినారా!" అంది షబానా. "ఏం డైటక్కా? నాక్కూడా చెప్పండి." నేనూ నవ్వాను. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వుల్లో ఎవరి నవ్వు ముందు ఆగుతుందా అని నేను వింటున్నాను...

ఫ్రెడ్డీ నా వేలు వదల్లేదు.

ఉంగరం ఉన్న చోట చర్మం తెల్లగా, తడిగా ఉంది. అక్కడ, రెండు వేళ్ళ మధ్య, మెల్లగా నొక్కాడు. ఏమీ అనుకోకుండానే నొక్కాడు, అలవాటు కొద్దీ.

మళ్ళీ నొక్కాడు.

ముందు ఆయన చేతికి తెలిసింది. తర్వాత ఆయనకు తెలిసింది. నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు వినపడలేదు.

షబానా పాపం తన పని తాను చేసుకుపోతోంది. దారం విప్పేసి, సైజు కర్రకు ఉంగరాన్ని తొడిగి పద్నాలుగు అంది. కొలత రింగుల గుత్తిలోంచి ఒక్కొక్కటి నా వేలికి తొడిగి తీసి, పది అంది. "పది కూడా కాస్త వదులేనక్కా. ఏం కాదు, పాతదాన్ని కాస్త ముక్క కోసి అతికి పదికి దించేస్తాం. కొత్తదీ పదికే చేస్తాం. అచ్చంగా అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి."

పదికి దించుతారు.

తర్వాత ఎనిమిదికి దించుతారా? ఆ తర్వాత? ఎంత దాకా కోసుకుంటూ పోతారు? కోయడానికి ఇంక బంగారం లేనప్పుడు...

"కోయొద్దు" అన్నాడు ఫ్రెడ్డీ.

ఆ గొంతు నేను ఎరగను.

"కొత్తది కూడా పాత సైజుకే చెయ్యండి. పద్నాలుగు."

"జారి పడిపోతుంది సార్."

"పడిపోదులే అమ్మా. చెయ్యి."

నావైపు చూడకుండా అన్నాడు. షబానా మాత్రం నావైపు చూసింది. ఆ అమ్మాయి మొహంలో కూడా నవ్వు లేదిప్పుడు. "సరే సార్" అంది మెల్లగా. పదిహేను రోజులు పడుతుందట. జోడు కుదరాలంటే పాత ఉంగరం అక్కడే ఉండాలట. దారం ముక్క కౌంటరు మీద పడి ఉంది. ఆమె చెత్తబుట్ట చూపించింది. ఫ్రెడ్డీ దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొందరు మోకాళ్ళ మీద ప్రార్థిస్తారు. మా ఆయన ఆర్డరు ఇచ్చాడు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఊళ్ళోకి సముద్రపు గాలి దిగింది. ఉంగరం లేని వేలికి ఆ గాలి నేరుగా తగిలింది, పదిహేనేళ్ళలో మొదటిసారి. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అడుగుతాడు, ఇప్పుడే అడుగుతాడు అనుకున్నాను. అడక్కుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అడగలేదు.

చేపల పులుసు తిని పోదామా అన్నాడు. ఎండ తగ్గిందే అన్నాడు. నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి ఏదో అన్నాడు. అంటూనే బండి తాళం పెట్టబోయాడు. అది దూరలేదు. మళ్ళీ పెట్టబోయాడు. తాళం బండికి తగిలి టకటకమంటోంది.

గుంటలో లూజ్ షెల్ కనబడ్డ రోజు కూడా ఇంతే. రొయ్యల మాట ఎత్తడు. క్రికెట్ గురించి మాట్లాడతాడు.

కోపం వచ్చింది నాకు. పద్నాలుగు సైజని షాపు మొత్తానికీ వినబడేలా చెప్పిన మనిషి నాతో ఒక్క మాట అడగలేడా? ఇంత భయం నేనొక్కదాన్నే మోయాలా? అంతలోనే ఆయన చెయ్యి చూశాను. మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న కూడా అడగలేదు. ఆ నల్ల దారం ఆయన రోజూ చూశాడు. అమ్మ ఆయన్ని భయపెట్టకూడదని చెప్పలేదు. ఆయన అమ్మను నొప్పించకూడదని అడగలేదు. ఒకరినొకరు ఎంతో మర్యాదగా చూసుకున్నారు. ఆ మర్యాదలోనే కాలం గడిచిపోయింది.

ఫ్రెడ్డీ బండి స్టార్ట్ చేశాడు. "ఇంటికి పోదాం" అన్నాడు. మా ఊరి దారి, తోటపల్లి గూడూరు వైపు తిప్పాడు.

పదిహేను రోజుల్లో ఆ నునుపు బ్యాండు వస్తుంది. పద్నాలుగు సైజుది. అది నిలవాలంటే వేలు మళ్ళీ మునుపటిలా ఉండాలి. మునుపటిలా ఉండాలంటే...

"ఏమండీ. ఆపండి."

నడిరోడ్డు మీద ఆపేశాడు. వెనక ఆటో ఆగకుండా హారన్ కొడుతోంది.

"పొగతోటకి పోనీండి."

పొగతోట అంటే మా జిల్లాలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. వీధి నిండా ఆసుపత్రులే.

ఆయన వెనక్కి తిరగలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. ఆటో మమ్మల్ని తిట్టుకుంటూ పక్కనుంచి పోయింది. ఆ తర్వాత బస్సు పోయింది.

"ఎప్పటినుంచి?" అన్నాడు. గాలికి సగమే వినబడింది.

"పోనీండి. పోతా పోతా చెబుతా. నిలబడితే చెప్పలేను."

బండి కదిలింది. ఒక్క మలుపు తిరిగితే పొగతోట. అంత దగ్గరని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఇంకాస్త దూరం ఉంటే బాగుండనిపించింది — మలుపు వచ్చేస్తోంది — నోరు తెరిచాను.