వినీత చేప ఏం తింటోంది

చేప గింజను నోట్లోకి తీసుకుంది. ఒక్క క్షణం ఉంచుకుని బయటికి ఊసేసింది. కూజా అడుగున నిన్నటి గింజలు ఉబ్బి, తెల్లబడి ఉన్నాయి.

అయినా దాని పొట్ట నిండుగా ఉంది.

అది మా అమ్మాయి వినీత చేప. ఎర్రటి తోక కుచ్చిళ్లలా పరుచుకునే ఫైటర్ చేప. హనుమకొండలో కొనుక్కొచ్చి, తాను చదువుకునే బల్ల మీద గాజు కూజాలో పెట్టుకుంది. ఆగస్టులో వినీత డెంగీతో పోయింది. తొమ్మిదో తరగతి. ఆ తర్వాత ఆ గదిలో కదిలేది ఈ చేప ఒక్కటే. దీన్నయినా బతికించుకోవాలనుకున్నాను.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు మూతపడ్డాయి, గనులు ఆగాయి, బస్సులు లేవు. వేరే రకం తిండి తేవడానికి హనుమకొండ పోయే దారి లేదు. పొద్దున భూపాలపల్లిలో ఉపాధ్యాయుల టెంటు కింద కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి ముందు చేపను చూసేవాణ్ని. నేను లేనప్పుడు ఎవరో దానికి ఏదో పెడుతున్నారు.

ఇంట్లో ఉండేది నా భార్య కళావతి ఒక్కతే. వినీత పోయిన వారానికే ఆమె, "దాన్ని ఎవలకన్న ఇచ్చెయ్, నేను సూడలేను" అంది. ఇప్పుడు తనే పెడుతోందంటే ఏం పెడుతోంది? బతకాలనే పెడుతోందా? అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను గానీ అనుమానం పోలేదు.

"చేపకు ఏమన్న ఏస్తున్నవా?" అని అడిగాను.

"నాకేం పని దానితోని?"

చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ చేతుల నుంచి నిలవ నీటి వాసన వచ్చింది.

మరునాడు పక్కింటి యాకమ్మ గోడ మీదుగా పిలిచింది. "సారూ, గదేంది? నువ్వు అటు పోంగనె కళావతమ్మ గిలాస పట్టుకొని దొడ్లకు పోతది. కొంగు కప్పి లోపటికి తెస్తది. అడిగితె మందు అంటది."

"ఏం మందు?"

"గది నన్నడుగుతవేంది? నీ పెండ్లాన్ని నువ్వడుగు." గొంతు తగ్గించింది. "జర సూస్కో సారూ. పిల్ల పోయినంక మనిషి ఎట్లనో ఉంది."

అప్పటిదాకా చేప గురించే భయం. యాకమ్మ మాటతో కళావతి గురించి కూడా భయం పట్టుకుంది.

ఆ రోజు టెంటు కింద కూర్చోలేకపోయాను. లేస్తుంటే మా బళ్లో లెక్కలు చెప్పే శ్యాం నవ్వాడు. చేప గింజలు ముట్టట్లేదని అతనికి ముందే చెప్పి ఉన్నాను. "ఏందన్నా, చేపకు అన్నం తినిపియ్య పోతున్నవా? తెలంగాణ వచ్చేదాక గది గూడ నిరాహార దీక్షేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను చెప్పులేసుకున్నాను.

ఇంటికి పోయి నేరుగా దొడ్లోకి నడిచాను. స్నానాల గది వెనక, కట్టెల చాటున ఒక కుండ. పక్కన కళావతి గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు, చాయ్ వడగట్టే జాలి. కుండ మీంచి తీసిన వినీత తెల్ల చున్నీ ఆమె ఒళ్లో ఉంది.

వంగి చూశాను. నీళ్ల నిండా గిలగిల కొట్టుకుంటున్న దోమ పిల్లలు.

వినీత పోయిన నాటి నుంచి ఇంట్లో ఒక్క కొబ్బరిచిప్పలో కూడా నీళ్లు నిలవనియ్యలేదు నేను. కుండ ఎత్తాను.

"ఒంపకు," అంది కళావతి. "అది గివే తింటది. ఇంకేం తినది."

"ఈ ఇంట్లనా? నీకు తెల్వదా ఇవేందో?"

"తెలిసే పెడుతున్న." ఆమె గొంతు పెరగలేదు. "చున్నీ రెండు మడతలేసి కట్టిన. ఒక్కటి బయటికి పోదు. అది ఒక్కొక్కదాన్ని పట్టి మింగుతాంటె నిలవడి సూస్త. అన్ని మింగినంకనే నాకింత బువ్వ దిగుతాంది."

కొన్నాళ్లుగా ఆమె అన్నం తింటున్న మాట నిజమే. నేను కుండ దించి, చున్నీ అందుకుని వెలుగుకేసి పట్టాను. ఎక్కడా చిరుగు లేదు. మళ్లీ చూశాను.

"ఒక్కటి పోతే? పక్కింట్ల యాకమ్మ మనుమరాలు ఉంది, కళా."

ఆమే కుండను తన ముందుకు లాక్కుంది. దోమ పిల్లల్ని జాలితో గ్లాసులోకి దేవి, మిగిలిన నీళ్లు ఎండలో మొరం నేల మీద పారబోసింది.

"రేపో?" అంది.

మరునాడు పొద్దున గ్లాసు పట్టుకుని చౌరస్తా అవతలి పోశాలు పంక్చర్ దుకాణానికి వెళ్లాను. సమ్మెతో మూసి ఉంది. బయట కుప్పేసిన పాత టైర్లలో వాన నీళ్లు. వంగి గ్లాసు ముంచానో లేదో, వెనకనుంచి కేక.

"ఎవడ్రా అది?" పోశాలు కర్ర పట్టుకుని వచ్చి ఆగిపోయాడు. "సారూ, నువ్వు గూడ టైర్లకే వచ్చినవా? మొన్న రాస్తారోకోల కాలవెట్టనీకి నాలుగు ఎత్కపోయిండ్రు. జై తెలంగాణ నేను గూడ అంట, గని నా టైర్లేం పాపం జేసినయ్?"

"టైర్లొద్దు పోశాలు. అండ్ల నీళ్లు గావాలె."

"నీళ్లా? మీ ఇంట్ల నల్లా లేదా?"

గ్లాసు చూపించాను. అందులో కదులుతున్నవాటిని చూశాడు. వినీత సైకిలుకు గాలి కొట్టింది అతనే. ఎలా పోయిందో అతనికి తెలుసు. తల తిప్పి తన టైర్లను ఒక్కొక్కటిగా చూశాడు. నేనూ చూశాను.

కర్ర పక్కన పడేసి, "అన్నింటియి తీస్కపో సార్. నేను ఒంపుత," అన్నాడు.

అప్పుడే కళావతి వచ్చింది. నేను గ్లాసు పట్టుకుని ఎక్కడికి పోతున్నానోనని వెనకే వచ్చిందట. పోశాలు టైరును, నన్ను, గ్లాసును మార్చి మార్చి చూసింది. నా చేతిలోని గ్లాసు తీసుకుని టైరు పక్కన కూర్చుంది.

పోశాలు టైరు ఎత్తాడు.

"జర మెల్లగ, అన్నా," అంది కళావతి. "ఒక్కటి గూడ కింద వడొద్దు."