సర్దిచెప్పే గొంతు

“నువ్వొకపాలి దానికి సర్ది సెప్పు” అన్నాడు మా ఆయన ఢిల్లీబాబు, అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ.

అంతే. చెయ్యి తుడుచుకుని, బండి తీసుకుని, కొబ్బరికాయల లోడు ఎత్తించడానికి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పాల్సింది చెప్పేశాడు, ఇక మిగిలింది నా పని. నేను ఎంగిలి కంచం తీసి, కూర మీద మూత పెట్టి, పెరట్లో కొబ్బరి మట్టల దగ్గర కూర్చున్నాను. చీపుర్లకి ఈనెలు తీయాలి. కత్తితో ఆకు చీలుస్తూ ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, బుర్ర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి ఆయన మాట వచ్చి తిష్ట వేసింది.

విషయం చిన్నదే. మా అమ్మాయి సుస్మిత ఊళ్ళో హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. స్కూల్ లీడరంటే ఎప్పుడూ హెడ్మాస్టరుగారు ఎవరో ఒకడి పేరు చదివేవారు, వాడు వెళ్ళి ముందు నిలబడేవాడు. ఈ ఏడాది సోషల్ టీచరు స్వాతి మేడమ్ అలా కాదు, ఎన్నిక పెడదాం అన్నారట. నామినేషన్లు, ప్రచారం, రహస్య ఓటు, అన్నీ పెద్దవాళ్ళ ఎన్నికల్లాగే. సుస్మిత నిలబడింది. దాని మీద పోటీకి నిలబడినవాడు పవన్, మా ఆయన అక్క మోహిని కొడుకు. అంటే నాకు వదిన కొడుకు, సుస్మితకి స్వయానా మేనబావ. తప్పుకోదలుచుకున్నవాళ్ళు రేపు మధ్యాహ్నంలోగా తప్పుకోవచ్చు. తప్పుకోవాల్సింది ఎవరన్న దాని మీద మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

మోహిని వదిన ఉన్నది పక్క వీధిలోనే. పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడే అడిగింది. “ఎక్కడన్నా ఉందేటి ఇది? రేపు తాళి కట్టబోయే బావ మీద పోటీ సేత్తాదేటి ఆడగుంట? ఇది గెలిత్తే ఆడు తలెత్తుకు తిరగ్గలడా?” అంది. ఈ తాళి మాట ఎవరు ఎప్పుడు ఖాయం చేశారో నాకు తెలీదు. పిల్ల పుట్టినప్పుడు ఊయల దగ్గర ఎవరో సరదాకి అన్న మాట అది. ఏళ్ళు గడిచేసరికి అదే ముదిరి ఒప్పందమైపోయింది. మంచం మీంచి మా అత్త బుచ్చమ్మ కూడా కూతురికే వంత పాడింది. “మగోడు ఆశపడ్డాడు, ఇచ్చీమను. దీనికేటి తరుగైపోద్ది?” అంది. మా ఆయనైతే ఇంకా నెమ్మదిగా, “అప్ప బాదపడతంది. డిప్యూటీ ఇత్తారంట కదా, అదీ పదవే” అన్నాడు. డిప్యూటీ అంటే ఏం చెయ్యాలో సుస్మితే నాకు చెప్పింది. ఎవరైనా పెద్దమనుషులు బడికి వస్తే పూలగుత్తి పట్టుకుని నిలబడాలి. లీడరుకి జ్వరమొస్తే ఆ రోజుకి ప్రేయర్ నడిపించాలి.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి మీదా గట్టిగా అరవడు. అరవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు, ఆలోపే నేను అందరికీ సర్దిచెప్పేసి ఉంటాను. కిడ్నీలు పాడయ్యాయని, డయాలసిస్ చేయించుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు, మా అత్త “ఆ సూదులు నాకొద్దు, ఇలగే పోతాను” అని మొండికేసి పడుకుంది. కొడుకు బయట అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. లోపల గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఆమెని ఒప్పించింది నేను. గట్టు మీద కొబ్బరిచెట్ల దగ్గర మా ఆయనకీ మా మరిదికీ మాటామాటా పెరిగితే, తోడికోడలి ఇంటికి వెళ్ళి టీ తాగి, నవ్వి, నలుగురి తరఫునా మాటపడి వచ్చింది నేను. ఈ ఇంట్లో బట్టలు సర్దేదీ నేనే, గిన్నెలు సర్దేదీ నేనే, మనుషుల్ని సర్దేదీ నేనే. మొదటి రెండూ కనీసం పని అని ఒప్పుకుంటారు. “బాగ్యం ఉన్నంతకాలం మా పుట్టింట్లో గొడవ రాదు, నోట్లో నాలిక లేని మనిషి” అంటుంది వదిన పదిమందిలో నన్ను చూపించి. పొగడ్తే అది. నేనూ నవ్వుతాను. నాలుక లేకుండా ఇంతమందికి ఎలా చెప్పుకొచ్చానో మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ విద్య నాకు మా అమ్మ దగ్గర వచ్చింది. ఇంటర్ అయ్యాక నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. నాన్నకి ఇష్టం లేదు. ఆ మాట నాతో అనలేదు, అమ్మతో అన్నాడు. అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తలకి నూనె రాస్తూ, అంత దూరం బస్సులో ఎలా వెళ్ళొస్తావు, తమ్ముడి చదువు సంగతేంటి, నాన్న గుండె అసలే మంచిది కాదు అని ఎంతో ప్రేమగా చెప్పింది. ఎంత బాగా సర్దిచెప్పిందంటే, చదువు మానెయ్యాలని నా అంతట నేనే అనుకున్నానని చాలా ఏళ్ళు నమ్మాను. అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెని పంపినవాళ్ళు వేరే.

సాయంత్రం సుస్మిత వస్తూనే సంచి గడప మీద పడేసి, నేను పోగేసిన కొబ్బరి మట్టల ముందు నిలబడి “ప్రియమైన ఓటరు మహాశయులారా” అని మొదలుపెట్టింది. మట్టలు బుద్ధిగా విన్నాయి. నాకు నవ్వాగలేదు.

“ఇంతకీ నీ హామీ ఏటే?” అన్నాను.

“ఊడ్సడం” అంది. “పొద్దున్న బెల్లు కొట్టేలోపు కిలాసులన్నీ ఆడపిల్లలమే ఊడుత్తాం కదమ్మా. అప్పుడు మగపిల్లలు గ్రౌండులో వాలీబాల్ ఆడతారు. నేను లీడర్నైతే ఒక వారం మేము, ఒక వారం ఆళ్ళు.”

“మరి పవన్ హామీ?”

“కొత్త వాలీబాలు.”

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మంచం మీంచి మా అత్త ఏంటా అని తల ఎత్తి చూసింది.

“నవ్వుతన్నావు గానీ, మగపిల్లలు నీకు ఒక్క ఓటైనా ఏత్తారేటి?” అన్నాను.

అది నవ్వాపి నా పక్కన కూర్చుంది. “ఏత్తారమ్మా. ఇంట్లో అమ్మకి బాగోక, ఆళ్ళే ఊడ్సుకుని, వండుకుని వత్తన్న మగపిల్లలు మా కిలాసులో ఉన్నారు. సిగ్గుపడి బయటికి సెప్పరు. ఆళ్ళకి తెలుసు ఊడ్సడమంటే ఏటో. ఓటు సీక్రెట్ కదా, నాకే ఏత్తారు.”

ఇది దీనికి ఎప్పుడు తెలిసింది? మా వైపు ఈ కిడ్నీ జబ్బుతో ఇంటికొకరు మంచాన ఉన్నారు. ఆ ఇళ్ళల్లో చీపురు ఎవరి చేతిలో ఉందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నా బిడ్డ ఆలోచించింది. దాని మొహం చూస్తే ఒళ్ళోకి లాక్కుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ ఆయన అప్పజెప్పిన పని నెత్తి మీద ఉంది. కొబ్బరినూనె గిన్నె తెచ్చి, దాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పాను. నూనె మాడుకి పట్టించి, “తల్లీ” అన్నాను.

“ఆగమ్మా” అంది అది, వెనక్కి తిరక్కుండానే. “ఇప్పుడు నాకు సర్ది సెప్తావు కదా.”

“ఎవరన్నారే?”

“ఎవరూ అనక్కర్లేదు, నీ గొంతు మారిపోద్ది. మామ్మకి మందు మింగించినప్పుడు ఇదే గొంతు. బాబాయి అలిగినప్పుడూ ఇదే. ‘తల్లీ’ అని సాగదీత్తావు.”

నా చెయ్యి దాని జుట్టులోనే ఆగిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు సిగ్గేసింది.

“సెప్పమ్మా, పర్లేదు. నువ్వు సెప్తే నేను తప్పుకుంటాను. అది తెలిసే నిన్ను పంపినారు. నాన్న మాట తెలుసు, అత్త మాట తెలుసు, మామ్మ మాట రోజూ ఇంటన్నాను. ఆళ్ళందర్నీ పక్కన పెట్టి, నీ మాట ఒక్కటి సెప్పు. నేను నిలబడ్డం నీకు ఇష్టమా, కాదా?”

ఇంత చిన్న ప్రశ్న. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. “అత్త బాదపడద్ది కదే” అన్నాను. అది నా మాట కాదు. మళ్ళీ మొదలుపెట్టాను. “నాన్నకి నలుగురిలో...” అదీ నాది కాదు. ఎవరెవరికి ఏది ఇష్టమో, ఎవరికి ఏ మాట గుచ్చుకుంటుందో, ఎవరు ఎంతసేపు అలుగుతారో అన్నీ తెలుసు నాకు. నా ఇష్టం ఏదని వెతికితే చేతికి అందలేదు. అక్కడ ఉందని తెలుస్తోంది, బయటికి రావడం లేదు. ఎన్నాళ్ళైందో దాన్ని పిలిచి. “జడ అయిపోయింది, లే” అన్నాను, ఇంకా సగం కూడా అల్లకుండానే.

సుస్మిత నా వైపు తిరిగింది. నూనె కారుతున్న నా చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. “పోన్లే అమ్మా... నేనేమీ అనుకోను. ఎందుకు బాదపడతావు? లీడరైతే ఎంత, కాకపోతే ఎంత” అంది.

మెత్తగా. సాగదీసి. అచ్చం నా గొంతే.

నా కూతురు నాకు సర్దిచెప్పింది. పదిహేనేళ్ళైనా నిండలేదు, అప్పుడే దానికి వచ్చేసింది ఆ గొంతు. ఎవరూ నేర్పలేదు, మా అమ్మ నాకు నేర్పనట్టే. అది లేచి లోపలికి వెళ్ళి, మామ్మకి మాత్రల డబ్బా అందిస్తూ ఏదో పాఠం వల్లె వేసుకుంటోంది. నేను కదల్లేకపోయాను. నాకు భయమేసింది. వదిన అలిగితే, మా ఆయన ముఖం ముడుచుకుంటే ఏనాడూ వెయ్యనంత భయం.

మర్నాడు మా అత్తకి డయాలసిస్. సోంపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆమెకి చీర కట్టి, తువ్వాలూ నీళ్ళ సీసా సంచిలో పెట్టి, వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాను. సుస్మిత బడి సంచి భుజాన వేసుకుని గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది. ఏమీ అడగలేదు. అడిగితే నేను మళ్ళీ ఇబ్బంది పడతానని అడగలేదు. అంతలో మా ఆయన ఫోను మోగింది.

“ఆ, అప్పా. ఆ... బాగ్యం సెప్పీసుంటాది. ఉండు, దానికే ఇత్తన్నాను” అని ఫోను నా వైపు చాపాడు.

నేను ఫోను అందుకోలేదు. “సుస్మితా” అన్నాను. తల్లీ అనలేదు, సాగదీయలేదు. “నువ్వు నిలబడ్డం నాకు ఇష్టం. నిన్ననే సెప్పాల్సింది, నోట్లోంచి రాలేదు. తప్పుకోకు. ఓడిపోయినా పర్లేదు గానీ, గెలిత్తే నాకు శానా బాగుంటాది.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొంచెం మోటుగా, పొడిగా ఉంది. సుస్మిత రెండో చెప్పు చేత్తోనే పట్టుకుని నన్ను చూసింది. దాని కళ్ళు నిండాయి. వచ్చి నా నడుం గట్టిగా చుట్టేసి, వదిలేసి, బయల్దేరింది. గేటు దాకా నడిచే వెళ్ళింది. గేటు దాటాక పరుగే పరుగు.

మా ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, “ఇదేటే? అప్ప లైన్లో ఉంది. ఇప్పుడేటి సెప్పాల?” అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, కంగారు ఉంది.

“మీ అప్పతో నువ్వే మాటాడుకో మావా. ఆటో వచ్చేసింది” అని సంచి భుజానికి తగిలించుకున్నాను.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. “అప్పా... అది కాదప్పా... సిన్నపిల్ల కదప్పా... నాను సెప్పీది ఇను... ఏడవకు మరి...” అంటూ ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నీళ్ళు నముల్తున్నాడు. వేలితో గోడ సున్నం గీకుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గొంతు అలా మెత్తబడటం అప్పుడే విన్నాను. జాలేసింది. ముద్దొచ్చాడు కూడా. చెయ్యి దానంతట అదే ఫోను వైపు వెళ్ళబోయింది. ఆపుకున్నాను.

మా అత్త కుర్చీలోంచి కొడుకునీ, నన్నూ మార్చి మార్చి చూసింది. “ఆడికి రావే ఇలాటియి. ఆ పోను నువ్వందుకోవే, బాగ్యం” అంది.

“నేర్సుకుంటాడులే అత్తా” అని, ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.