ఆఖరి పది నిమిషాల హాప్స్

మా తమ్ముడు ఆర్మాండ్ ఇంకో పంతొమ్మిది రోజులు ఎవరిమీదా చెయ్యి వేయకుండా ఉంటే చాలు. రెండేళ్ళ కిందట నా మొగుడు డర్క్ నా ముక్కు పగలగొట్టాడు. మర్నాడే వీడు వెళ్ళి డర్క్ దవడ రెండు చోట్ల విరగ్గొట్టి వచ్చాడు. యకీమా కోర్టులో జడ్జిగారు వీడికి మూడేళ్ళ జైలు వేసి, ఆ మూడేళ్ళనీ అటకమీద పెట్టారు. రెండేళ్ళలోపు మళ్ళీ చెయ్యెత్తితే అవి దింపుతానన్నారు. నా ముక్కుకి డర్క్‌కి పడినవెన్నో తెలుసా? నలభై రోజులు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేను డర్క్‌ని వదిలి తమ్ముడింటికి వచ్చేశాను. ఆ రెండేళ్ళూ చేతుల్ని అదుపులో పెట్టుకోవడానికి ఆర్మాండ్ పట్టుకున్నది బీరు గరిటె. మా మాక్సీ ఊళ్ళో సగం మంది హాప్స్ తోటల్లోనే, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూల తోటల్లోనే బతుకుతారు కాబట్టి ఇంట్లో బీరు కాచుకోవడం వింతేమీ కాదు. కానీ పేల్ ఏల్ అనే లేతరంగు బీరు కాచడంలో వీడి పద్ధతి వేరు. మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి మాల్ట్ రసం గంటసేపు మరుగుతుంది. మొదట్లో చేదు కోసం చిటికెడు హాప్స్ వేస్తాడు. మిగతాదంతా దాచిపెట్టి ఆఖరి పది నిమిషాల్లో మూడు విడతలుగా వేస్తాడు. పది నిమిషాలుండగా ఒకటి, అయిదుండగా ఒకటి, పొయ్యి ఆర్పేశాక ఒకటి. ముందే వేస్తే చేదు మిగులుతుంది, వాసన ఆవిరైపోతుంది. "వాసన కావాలంటే ఆగాలక్కా" అనేవాడు. ముందు కొట్టి తర్వాత ఆలోచించే మనిషి నోట ఆ మాట వినడం నాకు ఎంత హాయిగా ఉండేదో.

హాప్ పూలని పొడిచేసి పచ్చటి గుళికలుగా నొక్కి అమ్ముతారు. వాటిని మరుగుతున్న రసంలో చిటికెడు చిటికెడుగా వదలాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే గుండిగ పాలు పొంగినట్టు పొంగుతుంది. పాలైతే పొయ్యి ఆరుతుంది. ఇది తీపి పాకం, ఒంటికి అతుక్కుంటే తోలు ఊడదీసుకునే పోతుంది. అందుకే ఒక పిచికారీ సీసా నిండా చన్నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడడం నా పని. నురగ లేస్తే దానిమీద పిచికారీ కొట్టాలి, మంట తగ్గించాలి. పొయ్యి మర తిప్పేది నేనే, మరెవరూ ముట్టుకోరు.

సెప్టెంబరు ఆఖరి శనివారం, మిట్టమధ్యాహ్నం. కోతలు జోరుగా సాగుతున్నాయి, ఊరంతా ఎండు హాప్స్ వాసన. మా గరాజు ముందు పొయ్యిమీద గుండిగ మరుగుతోంది. టైమరులో ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. అప్పుడు డర్క్ పికప్ వచ్చి మా వాకిలికి అడ్డంగా ఆగింది.

డర్క్ హాప్స్ ఆరబెట్టే కొట్టంలో బేళ్ళు కుట్టేవాడు. చొక్కా నిండా పసుప్పచ్చ దుమ్ము. ఇరవై ఏళ్ళు బేళ్ళు మోశాడే గానీ, ఒక్క గుళిక గుండిగలో వేసి ఎరగడు.

"ఏం బావమరిదీ, వంట నేర్చుకున్నావంట!" అన్నాడు దిగుతూనే. "గరిటె భలే కుదిరింది చేతికి. మీ అక్క గౌను కూడా తొడుక్కోకపోయావా?"

ఆర్మాండ్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. నేను లోపలికి పరిగెత్తి షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. రోడ్డంతా కోత లారీలే, పావుగంట పడుతుందన్నారు. బయటికొచ్చి ఆర్మాండ్ చొక్కా పట్టుకుని లాగాను.

"ఒరేయ్, లోపలికి పద. తలుపేసుకుందాం."

"నేను పోతే వాడు గుండిగ తన్నేస్తాడక్కా. పక్కనే గ్యాసు బండ. ఇల్లు అంటుకుంటుంది. నువ్వు పో."

నేను పోలేదు.

"పంతొమ్మిది రోజులు కదూ?" డర్క్ దగ్గరికొచ్చాడు. విరిగి అతుక్కున్న దవడ వంకరగా కదిలింది. "నేనూ లెక్కపెట్టుకుంటున్నాలే. రెండు నెలలు గొట్టంతో సూప్ జుర్రాను నీ పుణ్యమా అని. ఒక్క దెబ్బ కొట్టరా. అక్క కోసం. ఒక్కటి!"

చెంప ఛెళ్ళుమంది. ఆర్మాండ్ పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. వాడు గరిటెని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో నాకు తెలుసు. చేతులు ఖాళీగా ఉంటే వాటిమీద వాడికే నమ్మకం లేదు.

టైమరు కూసింది. పది నిమిషాలు. ఆర్మాండ్ భుజంతో మూతి తుడుచుకుని, మొదటి పొట్లం విప్పి, చిటికెడు చిటికెడుగా గుళికలు వదిలాడు. నురగ లేచింది. నేను పిచికారీ కొట్టి మంట తగ్గించాను, మళ్ళీ సీసా నిండా నీళ్ళు పట్టాను. అంత దరిద్రంలోనూ నారింజ తొక్క ఒలిచినట్టు గుప్పుమంది వాసన.

డర్క్ వాడి డొక్కలో గుద్దాడు. అదే చోట మళ్ళీ గుద్దాడు. మూడో గుద్దుకి లోపల ఏదో పటుక్కుమనడం నాకు వినిపించింది. ఆర్మాండ్ మోకాళ్ళ మీద కూలబడి, గరిటె వదలకుండానే లేచాడు. బీరు పులియబెట్టడానికి కడిగి పెట్టుకున్న పెద్ద గాజు జాడీని డర్క్ ఎత్తి నేలకేసి కొట్టాడు. తర్వాత బల్లమీద నుంచి ఖాళీ సీసా తీసుకుని, గరిటె పట్టుకున్న వాడి వేళ్ళమీద కొట్టాడు.

"వదులు. వదలరా గరిటె!"

మళ్ళీ కొట్టాడు. చిటికెన వేలు పక్కకి వంగిపోయింది. ఆర్మాండ్ పళ్ళ సందులోంచి ఊపిరి పీల్చి, మిగిలిన వేళ్ళతో గరిటె బిగించాడు.

నేనిక ఆగలేకపోయాను. వెనకనుంచి డర్క్ మెడ రక్కాను. వాడు తిరిగి నా జుట్టు పిడికిట్లో చుట్టుకుని నా తలని గరాజు తలుపుకేసి కొట్టాడు. కళ్ళముందు తెల్లగా అయిపోయింది. కాళ్ళు నిలదొక్కుకుని చూసేసరికి గరిటె గుండిగలోంచి బయటికొచ్చింది. ఆర్మాండ్ దాన్ని భుజం దాకా ఎత్తాడు. దాన్నుంచి పాకం బొట్లు బొట్లుగా కారుతోంది. అది రెండేళ్ళ కిందట డర్క్ ఇంటికి బయల్దేరినప్పటి మొహం.

"అదీ!" డర్క్ నా జుట్టు వదిలేసి నవ్వాడు. "అదిరా మగాడంటే. రా!"

"ఆర్మాండ్!" అని అరిచాను. "టైమరు చూడు! అయిదవుతోంది!"

వాడు చూశాడు. గరిటె మెల్లగా కిందికి దిగింది. నా తమ్ముడు ఏడుస్తున్నాడు. ఇంకొక్క దెబ్బ పడితే మళ్ళీ దించలేడని నాకు అర్థమైంది. డర్క్‌కీ అర్థమైంది.

డర్క్ బల్లమీది రెండో పొట్లం తీశాడు. అది పెద్దది, రెండు గుప్పెళ్ళకి పైనే. "దీనికోసమేనా ఈ ఏడుపు?" అంటూ నోటితో చింపాడు.

అప్పటికే నేను పొయ్యి దగ్గరికి తిరిగొచ్చి నీళ్ళ సీసా అందుకున్నాను. ఆ క్షణంలో నా కుడిచేయి పొయ్యి మరమీద ఉంది. వాడేం చెయ్యబోతున్నాడో తెలుసు. ఏం జరుగుతుందో ఇంకా బాగా తెలుసు. మరని ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పేశాను. మంట భగ్గున గుండిగ పక్కలకి ఎగబాకింది. సీసా ఎడమచేతిలోనే ఉంది, నిండుగా.

"డర్క్, వద్దు! వెనక్కి జరుగు!" అని అరిచింది ఆర్మాండ్. నేను కాదు. వేలు విరగ్గొట్టించుకున్నవాడు అరిచాడు.

డర్క్ గుండిగ మీదికి వంగి మరీ మొత్తం గుమ్మరించాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత పచ్చటి నురగ బుస్సుమని లేచింది. అంచు దాటి వాడి ముంజేతుల మీద, పొట్టమీద, తొడలమీద పడి, బూట్లలోకి దిగింది. వాడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. వెనక్కి పడ్డాడు. గాజుపెంకుల మీద దొర్లుతూ బూట్లు లాక్కోబోతే చేతుల తోలు బూట్లకి అతుక్కుని వచ్చేసింది. నేను నిలబడి చూశాను. నాకు జాలి కలగలేదు. కలిగిందని చెప్పమంటే చెప్పను.

రసం చల్లార్చే రాగి గొట్టాల చుట్టకి తగిలించిన నీళ్ళపైపుని ఆర్మాండ్ పీకి పరిగెత్తాడు. ఆ విరిగిన వేలితోనే డర్క్ కాళ్ళమీద నీళ్ళు పట్టాడు, బూట్ల తాళ్ళు కోశాడు. "ఊపిరి పీల్చు డర్క్, కదలకు, కదలకు" అంటున్నాడు. వాడు అలా నెత్తుటి మొహంతో డర్క్ మీదికి వంగి ఉండగానే షెరీఫ్ ఆఫీసు డెప్యూటీ కారు వచ్చింది. ఆవిడ పేరు సలీనాస్. తుపాకి మీద చెయ్యేసుకుని దిగింది.

"వీడే పోశాడు!" డర్క్ ఏడుస్తూ అరిచాడు. "నామీద మరిగే నీళ్ళు పోశాడు!"

"లేదండీ, వాడే హాప్స్ గుమ్మరించుకున్నాడు, పొంగింది" అన్నాను.

"ఆకుపొడి వేస్తే ఇంతలా పొంగుతుందా అమ్మా?" ఆవిడ వంగి పొయ్యి ఆర్పింది. మర ఎక్కడుందో చూసింది. "ఇంత మంట ఎవరు పెట్టారు?"

ఆర్మాండ్ నావైపు చూడలేదు. లేచి రెండు చేతులూ ముందుకు చాపాడు.

"నేనే పెట్టానండీ" అన్నాడు.

అంతసేపూ దెబ్బలు తిని కాపాడుకున్నదంతా ఆ ఒక్క మాటతో ఎత్తి ఇచ్చేస్తున్నాడు వెధవ. నాకోసం! కోపం ఎంత వచ్చిందంటే వాణ్ణి నేనే కొట్టేదాన్ని.

"అబద్ధం" అన్నాను. "మర నేను తిప్పాను. తెలిసే తిప్పాను."

"అక్కా, నోరు ముయ్యి."

"నువ్వు ముయ్యరా. అమ్మా, ఇదిగో సీసా. నురగ లేస్తే దీంతో అణచాలి. అదే నా పని. చూడండి, నిండుగా ఉంది. ఈసారి ఒక్క చుక్క కొట్టలేదు. వీడు వెనక్కి జరగమని అరిచాడు. వీధిలో అందరూ వినే ఉంటారు. నేను అరవలేదు."

డెప్యూటీ సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. బేడీలు నా చేతులకి వేసింది.

నాకు ఏడు నెలల జైలు పడింది. ఇరవయ్యో రోజున ఆర్మాండ్ శిక్ష అటక మీదే చచ్చిపోయింది. డర్క్ ఇప్పుడు కర్రతో నడుస్తాడు. ఆదివారం ఆదివారం ఆర్మాండ్ జైలుకొచ్చి అద్దం అవతల కూర్చునేవాడు. వాతావరణం, కోతలు, వేలు అతుక్కున్న సంగతి చెప్పేవాడు. బీరు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ రోజే పారబోసి ఉంటాడనుకున్నాను.

మే నెలలో విడుదలై ఇంటికొచ్చాను. వంటింటి బల్లమీద ఒక సీసా, రెండు గ్లాసులు ఉన్నాయి.

"అదేనా?"

"అదే. నిన్ను తీసుకెళ్ళాక చూస్తే సగం గుండిగ మిగిలింది. ఇంకా వేడిగానే ఉంది. ఆఖరి పొట్లం నా జేబులోనే ఉండిపోయింది కదా. వేసేశాను, ఇంకో జాడీలో పులియబెట్టాను."

మూత తీసి పోశాడు. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. విరిగి అతికిన ముక్కు కదా, సరిగ్గా పట్టలేదేమో అని మళ్ళీ పీల్చాను. నారింజ లేదు, ఏమీ లేదు. తడిసి ఆరిన అట్టపెట్టె వాసన. తాగితే చేదు, నాలుక వెనక దాకా చేదు.

"ఆరు వారాల్లో తాగేయాల్సింది" అన్నాడు ఆర్మాండ్. "ఆ వాసనే ముందు పోతుంది."

"అప్పుడెలా ఉంది? బాగా కుదిరిందా?"

వాడు వంకర చిటికెన వేలితో గ్లాసు అంచు గీకుతూ కూర్చున్నాడు.

"తెలీదక్కా. పాతిక సీసాలు పట్టాను. ఒక్కటీ తెరవలేదు."

"ఏరా?"

"నువ్వు లేవు కదా."

నేను గ్లాసు పూర్తిగా తాగేశాను. కళ్ళు తుడుచుకుని, ఇంకోటి తెమ్మన్నాను.