వచ్చే శనివారం మాట

ప్రతి శనివారం పది నుంచి పదకొండు దాకా ఆ తండ్రీకూతుళ్లు మా శిశు సంక్షేమ ఆఫీసు గదిలో కలుసుకునేవారు. నేను మూల కుర్చీలో కూర్చుని, వాళ్లేం మాట్లాడుకున్నారో, ఎలా ఉన్నారో రాసి కోర్టుకు పంపాలి. అదే నా ఉద్యోగం.

ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు. భార్య పోయాక తాగుడులో పడ్డాడు. ఒకసారి ఏడేళ్ల పిల్లను ఇంట్లో పెట్టి తాళం వేసి, రెండు రోజులు పత్తా లేకుండా పోయాడు. అప్పటి నుంచి పిల్లను కోర్టు వేరే వాళ్లింట్లో ఉంచింది. ఆ ఇంటావిడను పిల్ల పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆయన మందు మానేసి ఐదు నెలలైంది. ఒక్క శనివారమూ తప్పలేదు, పిల్లకు బుధవారం చేసే ఫోనూ తప్పలేదు.

ఆ రోజు పనిలోంచి నేరుగా వచ్చాడు.

"నాన్నా, నీ జుట్టు నెరిసిపోయింది," అంది పిల్ల.

"సున్నం తల్లీ. స్నానం చేస్తే మళ్లీ కుర్రాణ్నే."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అదీ రాసుకున్నాను.

గంట అయ్యాక, పిల్ల చెప్పుల పట్టీ బిగిస్తూ ఆయన గొంతు తగ్గించాడు. "వచ్చే శనివారం మనింటికి పోదాం. బట్టలు సర్దుకో."

కోర్టు తేల్చేదాకా అలాంటి మాట ఇవ్వకూడదు. ఇస్తే రాసి తీరాలి, అది కుదరదని మావాళ్లు వెంటనే పిల్లకు చెప్తారు. నేను నోరు తెరిచేలోగా పిల్ల గంతులేస్తూ పెద్దమ్మ కారు దగ్గరికి పరిగెత్తింది.

"నోరు జారింది మేడం," అన్నాడు. "బుధవారం ఫోన్లో నేనే సర్దిచెప్తాను. రాయకండి."

ఐదు నెలల కష్టం ఒక్క మాటకు మట్టిపాలవుతుందనిపించింది. విననట్టే ఊరుకున్నాను.

బుధవారం ఆ మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. శనివారం పిల్ల నిండు సంచితో దిగింది.

"బడిలో అందరికీ చెప్పొచ్చిందట," అంది పెద్దమ్మ. "ఏడవకు పెద్దమ్మా అని నన్నే ఓదార్చింది. ఎవరండీ దీనికి చెప్పింది?"

నేను తల తిప్పుకున్నాను.

గదిలో సంచిని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "ఇంకొన్నాళ్లు పడుతుంది బంగారూ."

"ఎన్నాళ్లు?"

"తెలీదమ్మా."

"మరి పోదామన్నావుగా?" పిల్ల నా వైపు తిరిగింది. "మేడం, మీరూ విన్నారు కదా?"

"విన్నాను," అన్నాను.

పిల్ల ఏడవలేదు. సంచి తీసుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. పదకొండయ్యేదాకా ఆయన తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆయన తప్పూ నా తప్పూ రెండూ రాసి ఇచ్చాను. నన్ను ఆ కేసు నుంచి తప్పించారు. కలవడం నెలకోసారికి తగ్గింది. పిల్లను ఇంటికి పంపే సంగతి ఏడాది వాయిదా పడింది. ఆ కబురు చెప్పడానికి నేనే ఆయన దగ్గరికి వెళ్లాను. తిడతాడనుకున్నాను.

"ఆ రోజే రాసేస్తే పోయేదండీ," అన్నాడు. "అది సంచి సర్దుకునేది కాదు."

ఇప్పుడు ఆ గదిలో నా బదులు కూర్చునే అమ్మాయి అప్పుడప్పుడు చెబుతుంటుంది. పిల్ల వస్తుందట, బొమ్మలు గీస్తుందట, అడిగినదానికి జవాబిస్తుందట. తనంతట తాను మాత్రం నాన్నను ఏదీ అడగదట.