చేతి బిగువు

సంచిలో రెండు చీరలు పెట్టి, ఒకటి తీసి, మళ్లీ పెట్టాను. తువ్వాలు, దువ్వెన, సబ్బుబిళ్ల, తలనొప్పి మాత్రలు. పక్క అరలో రేషన్‌ కార్డు జిరాక్సు, కుల సర్టిఫికెట్టు, నాలుగు ఫొటోలు. ఎవరు ఊరికి బయలుదేరినా ఈ ఇంట్లో సంచి సర్దేది నేనే. చేతులు వాటంతట అవే సర్దుతాయి. ఈసారి సంచి నా కోడలు ప్రేమకుమారిది. పది గంటలకు జీపు వస్తుంది. ఊరికి పోయి నామినేషన్‌ వేసి, ఉపసంహరణ తేదీ దాటేదాకా పులివెందులలో ఎవరింట్లోనో దాక్కుని ఉండాలి. ఆ పిల్ల మాత్రం తనకేమీ పట్టనట్టు మిద్దె మీద పైపులకు నాజిళ్లు బిగిస్తూ కూర్చుంది.

జమ్మలమడుగు అవతల మా ఊళ్లో సర్పంచి పదవి ఈసారి బీసీ మహిళకు వచ్చింది. మేము మిషను కాలం నుంచీ చర్చి వాళ్లం, కాయితాల్లో బీసీలం. ఊళ్లో మా పార్టీని నడిపే పెద్దాయనకు సంతకం పెట్టే ఆడమనిషి ఒకతి కావాలి. ఆయన వెనక జీపులో తిరిగే నా కొడుకు యాకోబు, అన్నం తింటూ ఆ సంగతి చెప్పాడు.

"ప్రేమను నిలబెడతాండాం. మాటైపోయింది."

"నన్ను అడగాల్సింది గదా," అంది ప్రేమకుమారి, పులుసు వడ్డిస్తూనే.

"అడిగేదేముంది? సంతకం పెట్టేదేగా. మిగిలిందంతా మేం చూసుకుంటాం."

"ఎదురు పార్టీ వాళ్లు ఊరుకుంటారా నాయనా?" అన్నాను.

"ఆడోళ్ల జోలికి ఎవురూ రారు మా. ఈడ అది రివాజు. ఇంగ కొంచెం మజ్జిగ పొయ్యి."

ఆ ఊళ్లో మాకు మూడెకరాల పొలం ఉంది. తొమ్మిదేళ్లుగా బీడు. మా పార్టీ ఓడిపోయిన ఏడు రాత్రికి రాత్రి ప్రొద్దుటూరు చేరాం, ఇల్లుగలామె హఫీజా వాళ్ల పై అంతస్తులో రెండు అద్దె గదుల్లోకి. పొలంలో కాలు పెడితే కాలు ఉండదన్నారు. ప్రేమకుమారి వేముల ఊరి పిల్ల, చీనీ తోటల్లో డ్రిప్పు పైపుల మధ్య పెరిగింది. మట్టి లేకుండా పండించే పద్ధతి టీవీలో చూసి, ఖాళీ డ్రమ్ములు తెచ్చి, మూతలకు బెజ్జాలు పెట్టి, వాటిలో కొత్తిమీర, పుదీన, పాలకూర నిలబెట్టింది. వేళ్లు డ్రమ్ము లోపల గాలిలో వేలాడతాయి. అడుగున పైపుకు బిగించిన నాజిళ్లు అయిదు నిమిషాలకొకసారి మంచులా నీళ్లు చిమ్ముతాయి. అంతే సేద్యం. "మట్టి లేకుండా మొక్కలంట, ఇంగ పిండి లేకుండా రొట్టెలు గూడా చేస్తావా మ్మే?" అని హఫీజా నవ్వింది గానీ వారం తిరగకుండా పుదీనకు గిన్నె పట్టుకొచ్చింది. యాకోబు మాత్రం, "మట్టి లేని సేద్యం, మొగుడు లేని సంసారం ఒకటే," అన్నాడు. ఒకరోజు సాయం చేస్తానని వచ్చి, పానా పెట్టి తిప్పి మూడు నాజిళ్లు పగలగొట్టి, పైపే మంచిది కాదని తేల్చి దిగిపోయాడు.

నాకు నేర్పింది ఆమే. తెల్ల టేపును మర తిరిగే వైపే రెండు చుట్లు చుట్టాలి. నాజిల్‌ను వేళ్లతో తిప్పాలి, ఆగిన చోట ఆపాలి. "చేతి బిగువు చాలత్తా. ఇంకొంచెం అనుకున్నామా, పగుల్తాది." ప్రొద్దుటూరు ఉప్పునీళ్లకు నాజిళ్లు పూడుకుపోతే సూది పెట్టకూడదు, చింతపండు నీళ్లలో నానబెట్టాలి. ఇవన్నీ నేను క్యాలెండరు వెనక రాసుకున్నాను. బడికి పోలేదు. బస్సు బోర్డులూ బైబిలూ చూసి కూడబలుక్కున్న అక్షరాలు నావి. అరవై ఆరేళ్ల వయసులో ఒకరు నన్ను కూర్చోబెట్టి నేర్పడం అదే మొదలు. ఆ మిద్దె మీద ఉన్నంతసేపు ఎవరూ మమ్మల్ని అన్నం పెట్టమని అడిగేవాళ్లు కాదు, ఎక్కి రావడానికి వాళ్లకు బద్ధకం.

సంచి గుమ్మం పక్కన పెట్టి మిద్దె ఎక్కాను. ఆఖరి నాజిల్‌ బిగించి ఆమె నా వైపు చూసింది.

"అత్తా, నువ్వొక్క మాట చెప్పు ఆయనకు. నేను చెప్తే పెడసరం అంటాడు. నువ్వు చెప్తే తల్లి భయమనైనా అనుకుంటాడు."

"ఏమని చెప్పాల?"

"పంపనని చెప్పు. అంతే."

నా భర్త పాలయ్యకు కూడా ఇలాగే సంచి సర్దాను, పందొమ్మిది వందల తొంభై ఒకటిలో. పోవద్దు అని నోటి చివరిదాకా వచ్చింది. ఊరగాయ పెట్టనా అని అడిగాను. మూడో రోజు తాడిపత్రి రోడ్డులో శవం దొరికింది. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను.

"చెప్తా," అన్నాను. లేచాను కూడా.

అప్పుడే కరెంటు పోయింది. మోటారు ఆగింది. జూలై నెలే గానీ ఎండ, పైన వడగాలి. నీళ్లు చిమ్మకపోతే అరగంటలో వేళ్లు వడిలిపోతాయి. ప్రేమకుమారి చేతి పంపు సీసా నా చేతికిచ్చి, "నువ్వు కొడతా ఉండత్తా, బిందెడు నీళ్లు తెస్తా," అని కిందికి దిగింది.

మొదటి డ్రమ్ము మూత తీసి కొట్టాను. రెండోది. జీపు హారన్‌ వినిపించింది. కింద యాకోబు గొంతు: "మొక్కలు పోతే పోనీ మేయ్‌, ఆడ టయానికి పోవాల." ఇంకెవరిదో గొంతు: "ఆయమ్మను ముందు సీట్లో కూచోబెట్టండప్పా. ఆడమనిషి కనపడితే బండి మీద చెయ్యి పడదు." ఈ డ్రమ్ము అయ్యాక దిగుతానని అనుకున్నాను. ఇది అయ్యాక, అది అయ్యాక. నిజం చెప్పాలంటే ఆ వేళ్లు ఎండిపోతాయని కాదు. నా భయానికి ఒక పని దొరికింది. పిట్టగోడ దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు సీట్లో కూర్చుని మిద్దె వైపే చూస్తోంది. నేను చేతిలోని సీసా ఎత్తి చూపించాను, మొక్కల్ని చూసుకుంటాను అన్నట్టు. ఆమె తల తిప్పుకుంది.

జమ్మలమడుగు దాటాక వంక మలుపులో బాంబులు వేశారు. వేసినవాళ్లు పెద్దాయన ముందు జీపులో ఉంటాడనుకున్నారు. ఆయన జమ్మలమడుగులో కాఫీ తాగి వెనక బండిలోకి మారాడట. యాకోబు కూడా వెనక బండిలోనే ఉన్నాడు. రివాజు అన్నవాళ్లలో ఒక్కడూ ముందు సీట్లో కూర్చోలేదు.

మర్నాడు ప్రేమకుమారి సమాధి మట్టి ఆరకముందే పెద్దాయన మనిషి నారాయణ వచ్చాడు. చెప్పులు విడవకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు ఆఖరు తేదీమ్మా. నువ్వు నిలబడితే ఊరంతా మనపక్కే. శానా జాలిగా ఉండారు జనం. నువ్వేమీ మాట్లాడబల్లా, చేతులు జోడిస్తే చాలు."

యాకోబు నేల చూస్తున్నాడు. 

"నేను రాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "యాకోబును గూడా పంపను."

"పెద్దాయన ఏమనుకుంటాడో..."

"ఏమన్నా అనుకోనీ నాయనా. పంపను."

యాకోబు లేచాడు. నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుని, నారాయణ వెనకే మెట్లు దిగిపోయాడు. పదవికి ఇంకెవరో పిల్లను నిలబెట్టారు, గెలిచింది కూడా.

నా కోడలు ప్రేమకుమారి, ముప్పై ఒక్కేళ్లు, రెండువేల పదమూడు జూలై పదకొండు, గురువారం, పొద్దున పదింబావుకు ప్రొద్దుటూరులో జీపెక్కింది. తిరిగి రాలేదు.