ఐదింటి వేలిముద్ర

అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఎవరినీ నమ్మకపోవడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక నాందేడ్‌లోనే ఒక కంటి ఆసుపత్రికి మేనేజరుగా చేరాను. అక్కడా నా చూపు మనుషుల చేతుల మీదే.

హాజరు కోసం కౌంటర్ కంప్యూటర్‌కి వేలిముద్ర డబ్బీ తగిలించాం. పొద్దున తొమ్మిదికల్లా రావాలి, సాయంత్రం ఐదు దాటాక పోవాలి. నేను చేరిన కొత్తలో సగంమంది ఆలస్యం. పైగా రోజూ కరెంటు పోయి కంప్యూటర్ ఆరిపోయేది. యజమానిని సతాయించి ఇన్వర్టర్ పెట్టించాను. ఆ తర్వాత వారం వారం రిపోర్టు చూసి మురిసిపోయాను. ఆలస్యాలు తగ్గి, నెలకల్లా ఆ మాటే లేకుండా పోయింది. నేనంటే భయం పుట్టిందనుకున్నాను.

ఒక్క ఎంకవ్వకే పుట్టలేదు. వార్డులు తుడిచే మనిషి, రోజూ ఉమ్రి నుంచి రైల్లో వచ్చి పోతుంది. మిగతావాళ్లు బాతాఖానీ కొట్టి ఐదున్నరకు గాని కదలరు. ఈమె మొదటి వారం నాలుగూ యాభై ఎనిమిదికే పోయింది. రెండో వారం యాభై ఐదు. మూడో వారం యాభై ఒకటి. దొంగలు ఇట్లాగే కొంచెం కొంచెంగా జరుపుతారు, నాకు తెలియనిదా! మూడు నోటీసులైతే ఆ వారంతో పని పోతుంది. రెండు ఇచ్చాను. మూడోది రోగులు నిండిన హాల్లో, అందరి ముందూ ఆమె చేతిలో పెట్టాను.

"ఐదు గాకముందే పోవుడేంది? నువ్వు పనిదొంగవు ఎంకవ్వా!"

"దొంగను కాను సార్. కంప్యూటర్ల ఐదు చూసినంకనే ఏలు పెడుతున్న. గీ పని పోతే మా ఇల్లెట్ల నడుస్తది? రేపు మీరే నా పక్కపొంట నిలవడి చూడుండ్రి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాలి కదా, ఆమె తడుముకోలేదు. ఎంత గట్టిదో అనుకున్నాను.

మర్నాడు నిలబడ్డాను. కంప్యూటర్ తెర మూలన గడియారం ఐదూ రెండు. నా చేతి గడియారం కూడా అంతే. ఎంకవ్వ వేలు పెట్టి స్టేషన్‌కి పరుగెత్తింది. మరుసటి పొద్దున రిపోర్టు తీస్తే నాలుగూ నలభై ఎనిమిది అని ఉంది.

నా అనుమానం ఎంకవ్వను వదిలి అమోల్‌ను పట్టుకుంది. కంప్యూటర్ చూసేది అతనే.

"అంకెలు మారుస్తున్నవా?" అని గదమాయించాను.

అమోల్ బెదరలేదు. "నేనేం మార్చలే సార్. గీ హాజరు సాఫ్ట్‌వేర్ షురూ అయినప్పుడు ఒక్కసారే కంప్యూటర్‌ను టైమ్ అడుగుతది. అటెన్క దాని లెక్క దానిదే. రోజుకు అర నిమిషం ఎన్కవడ్తది. మొదలు రోజూ లైట్ పోతుండె, కంప్యూటర్ బందై మల్ల షురూ అయితుండె, టైమ్ సక్కగైతుండె. మీ ఇన్వర్టర్ అచ్చినంక నెలసంది బందే కాలే."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"పొద్దుగాల పది నిమిషాలు ఆల్సెమైనా తొమ్మిదే పడ్తది. ఎవలు చెప్తరు సార్?" అమోల్ తల గోక్కున్నాడు. "నేను గూడ చెప్పలే."

తేలు కుట్టిన దొంగల్లా అందరూ కిక్కురుమనకుండా ఉన్నారు. ఇంతమందిలో వేళకు వచ్చి వేళకు పోయిన ఒక్క మనిషిని ఏరి పట్టుకున్నాను నేను. తల తీసేసినట్టయింది.

ఎంకవ్వను నా గదిలోకి పిలిచాను. మూడు నోటీసులూ ఆమె ముందే చించేశాను. తప్పు మిషన్‌దని, పని ఎక్కడికీ పోదని చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మూసిన తలుపు వైపు చూసింది.

"మిషన్ నన్ను పనిదొంగ అనలే సార్, మీరన్నరు. గా మాట అందరి ముంగట అన్నరు. గిది తలుపేసి చెప్తుండ్రు."

లేచి తలుపు తీశాను. హాల్లో రోగులు, నర్సులు, కౌంటర్ దగ్గర అమోల్, అందరూ తలెత్తి చూశారు.

"ఎంకవ్వ పనిదొంగ కాదు. తప్పు నాది," అన్నాను. గడప దాటకుండానే, మెల్లగా.

"సార్," అంది ఎంకవ్వ నా పక్కకొచ్చి, "ఎన్కున్నోళ్లకు ఇనవడ్తలేదు."