కొసరు సంత

ఆ ఆదివారం పొద్దున సెయింట్ జాన్స్ పట్నం సంతలో మొదట పగిలింది మింబా కుండ.

కానిస్టేబులు గుర్రం దిగను కూడా దిగలేదు. రికాబులోంచి బూటుకాలు తీసి ఒక్క తాపు తన్నాడు. వరసగా బోర్లించిన కుండల్లో చివరిది దొర్లుకుంటూ పోయి, రాతిగోడకి తగిలి రెండు చెక్కలైంది. మిగతావాటిని గుర్రం తొక్కింది. వారం రోజులు, చెరుకు పని అయిపోయాక పొద్దు గుంకేలోగా దొరికిన కాస్త వెలుతురులో మట్టి పిసికి చేసిన కుండలవి. రెప్పపాటులో పెంకులైపోయాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు గంపలు దగ్గరికి లాక్కున్నారు. కోళ్ళు అరుస్తున్నాయి.

గుమాస్తా ఒక పీపా మీదెక్కి కాగితం చదివాడు. "వచ్చే ఆదివారం నుంచి ఇక్కడ సంత లేదు. ఆదివారం దేవుడిది. ఆ రోజు ఏ బానిస ఏది అమ్మినా, ఏది కొన్నా కొరడా దెబ్బలు. ఇది చట్టం."

"వచ్చే ఆదివారం నుంచైతే ఇవాళ నా కుండలెందుకు పగలగొట్టారు బాబూ?" అంది మింబా.

"మచ్చుకి," అన్నాడు కానిస్టేబులు. పక్కనున్న దొరలు నవ్వారు.

మింబా పెంకుల వంక చూడలేదు. గుమాస్తా వంకే చూస్తోంది. "సోమవారం నుంచి శనివారం దాకా దొరది. ఆదివారం దేవుడిది. సరే. మరి సంత ఏ రోజు పెట్టుకోమంటారు?"

గుమాస్తా కాగితం తిప్పి చూశాడు. వెనక వైపు ఏమీ లేదు. "అది ఇందులో రాయలేదు."

"రాయలేదా, మరిచిపోయారా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకు రాయలేదో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ఇంకో రోజు ఇస్తే చెరుకు తోటలో ఒక రోజు పని పోతుంది. ఆదివారాన్ని దేవుడికి ఇవ్వడానికి దొరలకి పోయేదేమీ లేదు. ఆ రోజు వాళ్ళది కాదు, మనవాళ్ళది.

ఆ సంతని ఏ దొరా పెట్టలేదు. దీవంతా చెరుకు వేసుకుని, తిండి ఓడల్లో తెప్పించుకునేవాళ్ళకి సంత సంగతి ఎందుకు తోస్తుంది? ఓడ ఆలస్యమైతే మనవాళ్ళు ఆకలితో చచ్చేవాళ్ళు. అలా చావగా మిగిలినవాళ్ళు చెరుకు మొలవని రాళ్ళ దిబ్బల మీద, గట్ల పక్కన దుంపలు పాతారు. మింబా అమ్మమ్మ రోజుల్లో ఎవరో ఒకావిడ ఓ ఆదివారం ఆ దుంపలు మూట కట్టుకుని, చిటికెడు ఉప్పు దొరుకుతుందేమోనని పట్నం దాకా నడిచింది. ఉప్పున్న మనిషి ఎదురైంది. ఇద్దరూ ఊరికి ఉత్తరం వైపున్న రాతిగోడ నీడన కూర్చున్నారు. అంతే, అదే మొదలు. మరుసటి ఆదివారం నలుగురు. మరుసటి ఏడు నలభై మంది. కోళ్ళొచ్చాయి, మేకలొచ్చాయి, గంపలు, తాళ్ళు, కట్టెలు వచ్చాయి. చివరికి దొరసానులే వంటవాళ్ళని పంపి గుడ్లు కొనుక్కునే దాకా వచ్చింది. అంగట్లో అమ్ముడుపోయి వచ్చిన మనుషులు కట్టుకున్న అంగడి అది.

అయితే మింబాకి కుండలు అమ్ముకోవడం ఒక వంక మాత్రమే. ఆరేళ్ళ కిందట ఆవిడ ఒక్కగానొక్క కూతురు బెనెబాని దీవికి ఆ చివరున్న ఉప్పుగుంట తోటకి అమ్మేశారు. మింబా ఉండేది ఎర్రగుట్ట తోటలో. మధ్యలో ఒక పూట నడక. వారానికోసారి ఆ ఉత్తరం గోడ కింద తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. బెనెబా కర్రపెండలం రొట్టెలు తెచ్చేది. మింబా కుండలు తెచ్చేది. కుండ కొన్న ప్రతివాళ్ళకీ మింబా ఒక చిన్న మూకుడు కొసరు వేసేది.

సాయంత్రం విడిపోయేటప్పుడు బెనెబా పది అడుగులు నడిచేది. వెనక్కి తిరిగి చెయ్యి చాపేది. "నాకు కొసరేదీ?"

"దీని ఆశ పాడుగాను," అని తిట్టుకుంటూ మింబా పరుగెత్తి వెళ్ళి ఇంకోసారి కావలించుకునేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ప్రతి ఆదివారం అంతే.

ఆ ఆదివారం మాత్రం కానిస్టేబుళ్ళు అందర్నీ తరిమారు. కొసరు లేకుండానే ఇద్దరూ చెరో దారీ పట్టారు.

సోమవారం ఎర్రగుట్ట తోటలో చెరుకు నాటడానికి గుంటలు తవ్వుతున్నారు. వరసకి ముప్పై మంది. పారలన్నీ ఒక్కసారి లేవాలి, ఒక్కసారి పడాలి. నడుములు ఎత్తకుండానే మాటలు నడుస్తున్నాయి.

"శనివారం ఇమ్మని అడుగుదామే అక్కా," అంది ఉప్పు అమ్మే ఫిలిడా.

"అడుగు, అడుగు. ముందు వీపుకి ఆముదం రాసుకుని మరీ వెళ్ళు," అన్నాడు క్వాకో మామ. పందుల్ని పెంచే ముసలాయన. నోటిలో రెండే పళ్ళు, రెండింటికీ విషమే.

మధ్యాహ్నం పని ఆపమని శంఖం ఊదగానే ఏడుగురు వెళ్ళారు. మేనేజరు దొర గాలిమర నీడలో కూర్చుని భోంచేస్తున్నాడు. ఆయన తింటున్న కోడి, ఏడుగురిలో ఒకామె పెంచిందే.

"శనివారం సగం రోజు ఇప్పించండి దొరా," అంది మింబా. "సంత చేసుకుంటాం."

దొర ఎముక నాకి పక్కన పడేశాడు. "సంతలో సరుకుంటుంది. సంత చేసే మనుషులుంటారు. మీరు సరుకు. సరుకే సంత పెట్టడమేంటే?"

"సరుక్కి నోరుండదు దొరా. మేం అడుగుతున్నాం."

చెర్నాకోల ఆవిడ చెంప మీద పడింది. ఏడుగురూ తిరిగి వచ్చి పారలు అందుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా పారలు రోజూ కన్నా లోతుగా దిగాయి.

మర్నాడు వరసలో వాదన రాజుకుంది.

"కాల్చేద్దాం," అన్నాడు క్వాకో మామ. "పక్క చేలో కొట్టడానికి సిద్ధంగా ఉన్న చెరుకు. ఆకంతా ఎండి గలగలమంటోంది. ఒక్క నిప్పురవ్వ చాలు."

"కాల్చు మామా," అంది మింబా. "నిన్ను ఉరేస్తారు, నాలుగు రోజులు ఏడుస్తాం. సంత తెరుస్తారా? నా కూతుర్ని నాకు ఎవరు చూపిస్తారు?"

ముసలాయన పార ఇంకో గుంటలో దింపాడు.

"కాగితంలో ఏముంది?" అంది మింబా. "అమ్మకూడదు, కొనకూడదు. ఇవ్వకూడదని ఉందా?"

"లేదు," అంది ఫిలిడా.

"అయితే ఇద్దాం. అందరం వెళ్దాం, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుందాం. బేరం లేదు, డబ్బు లేదు. నా కుండ నీకు కొసరు. నీ ఉప్పు వాళ్ళకి కొసరు. సంతంతా కొసరే."

"మతిపోయిందా నీకు?" క్వాకో మామ పార ఆగింది. వెనకనుంచి మేస్త్రీ కేకేస్తే మళ్ళీ లేచింది. "నా కూడు తగ్గించుకుని ఏడాది నుంచీ పందిని మేపుతున్నాను. దాన్ని కొసరివ్వమంటావా? దేనికి కొసరు? అసలు బేరమేదీ?"

"బేరం వాళ్ళు లాక్కున్నారుగా మామా. మనకి మిగిలింది కొసరే."

"నీ పందిని కొసరు తినడానికి నేను ముందు నిలబడతాలే," అంది ఫిలిడా. వరసంతా కిసుక్కుమంది. ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పు మామా. మన ముసలోళ్ళు దుంపిచ్చి ఉప్పు తీసుకున్న రోజున డబ్బెవరి దగ్గరుంది? మరి సంత ఎలా లేచింది?"

క్వాకో మామ వరస చివరిదాకా తవ్వుకుంటూ పోయాడు. చివర నడుం ఎత్తి అన్నాడు. "పంది తలకాయ మాత్రం నాది. ఎవరూ అడగొద్దు."

ఆ మాట నీళ్ళబండి మీద తోట నుంచి తోటకి వెళ్ళింది. శుక్రవారానికి ఉప్పుగుంట దాకా చేరింది.

ఆదివారం చర్చి గంట మోగేసరికి సంత నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ అరవడం లేదు, ఎవరూ బేరమాడటం లేదు. మింబా ఒక ముసలమ్మ చేతిలో కుండ పెట్టింది. ముసలమ్మ ఎవరికో రెండు గుడ్లు ఇచ్చింది. ఆ మనిషి కట్టెల మోపు ఇంకొకరి ముందు దించాడు. గుమాస్తా ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు పెట్టాడు.

"ఎంతకి అమ్మావు?"

"అమ్మలేదయ్యా."

"మరి దాని చేతిలోకి ఎలా వెళ్ళింది?"

"ఇచ్చాను."

"ఎందుకిచ్చావు?"

"చెయ్యి ఖాళీగా ఉంది గదయ్యా, ఇచ్చాను."

ఫిలిడా కాల్చిన చిలగడదుంప ఒకటి, ఎండలో నిలబడ్డ సిపాయి చేతిలో పెట్టింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదేమో, వాడు అటూ ఇటూ చూసి నోట్లో వేసుకున్నాడు. "చూడండే, చట్టం తింటోంది!" అని అరిచింది. సంత గొల్లుమంది. ఆ నవ్వు విని గుమాస్తా ముఖం ఎర్రబడింది. తుపాకుల దండుకి కబురు పంపాడు.

మింబా అందరితో పాటు నవ్వలేదు. ఆవిడ కళ్ళు తూర్పు దారి మీదే ఉన్నాయి. ఉప్పుగుంట తోటలో దొర ఎవరికీ చీటీ ఇవ్వలేదని అప్పటికే తెలిసింది. చీటీ లేకుండా తోట దాటితే పారిపోయిన బానిస కింద లెక్క. రాకపోతే బాగుండునని ఒకసారి అనుకుంది. రాకపోతే ఎలా అని పదిసార్లు అనుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చాక వచ్చింది బెనెబా. నెత్తి మీద రొట్టెల గంప, మోకాళ్ళ దాకా దుమ్ము. తల్లిని చూసి అక్కణ్ణుంచే నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కానిస్టేబులు ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"చీటీ ఏదీ?"

గంప కింద పడింది. రొట్టెలు దుమ్ములో దొర్లాయి.

మింబా కుండల మీంచి దాటుకుంటూ వచ్చింది. "దాన్ని వదలండి. రమ్మంది నేను. వీళ్ళందర్నీ రమ్మందీ నేనే."

గుమాస్తా ఆవిణ్ణి గుర్తుపట్టాడు. "ఇదే. ఏ రోజని అడిగింది ఇదే."

"ఆవిడొక్కత్తీ కాదు, నేనూ అడుగుతున్నా!" ఫిలిడా లేచింది. "ఏ రోజు?"

"ఏ రోజు?" అన్నాడు క్వాకో మామ. అక్కణ్ణుంచి ఆ మాట గోడ పొడుగునా పాకింది. వందల గొంతులు. ఏ రోజు? ఏ రోజు? జవాబుగా గుర్రాలు వచ్చాయి. దుంపలూ గుడ్లూ కోళ్ళూ డెక్కల కింద నలిగాయి. ఆ తొక్కిసలాటలో మింబా చెయ్యి చాపింది. బెనెబా చెయ్యి చాపింది. మధ్యలో మూరెడు దూరం మిగిలిపోయింది. ఒకరిని అటు లాగారు, ఒకరిని ఇటు లాగారు.

తల్లి తప్పు తన మీద వేసుకుంది గదా, కూతుర్ని వదిలారా అంటే, లేదు. బెనెబాని తాడు కట్టి గుర్రం వెనక నడిపించుకుపోయి, ఉప్పుగుంటలో ముప్పై తొమ్మిది దెబ్బలు కొట్టారు.

ముగ్గురు దొరలు బల్ల ముందు కూర్చుని అరగంటలో మింబా సంగతి తేల్చారు. అమ్మకుండా, కొనకుండా సంత పెట్టిన నేరం. దీవి దాటించి ఎక్కడో అమ్మెయ్యమన్నారు. గురువారం ఓడ.

ఆ కబురు బుధవారం వరసలోకి వచ్చింది. ఫిలిడా పార కింద పెట్టింది. "ఆదివారం మనది కాదన్నారు. మరి మనమే ఓ రోజు తీసుకుందాం." నీళ్ళబండి ఆ రోజు నీళ్ళు తక్కువ, ఆ మాట ఎక్కువ మోసింది; రాత్రికే అది ఉప్పుగుంట చేరింది.

గురువారం పొద్దున్నే రేవులో మింబాని చిన్న పడవ ఎక్కించారు. చేతులు వెనక్కి కట్టేశారు. పెద్ద ఓడ దూరంగా నీళ్ళలో ఆగి ఉంది. కూర్చోబెట్టాక ఆవిడకి ఏదో హోరు వినిపించింది. తల తిప్పి చూసింది. కొండ దారి నిండా గంపలు. ఆడవాళ్ళ నెత్తుల మీద దుంపలు, మగవాళ్ళ భుజాల మీద కట్టెలు, మేకల మెడలకి తాళ్ళు. తోటల్లో పనికి పిలిచే శంఖాలు ఊదుతూనే ఉన్నాయి. పొలంలో మాత్రం ఒక్క పార లేవలేదు.

"ఇవాళ ఏ రోజు?" అని అడిగింది తెడ్డు పట్టిన నావికుణ్ణి.

"గురువారం," అన్నాడు వాడు, తనే నమ్మలేనట్టు.

అందరికన్నా ముందు బెనెబా వస్తోంది. రవిక నెత్తుటితో వీపుకి అతుక్కుని నల్లగా గడ్డ కట్టింది. నెత్తి మీద కుండ ఉంది, రాత్రంతా ఎర్రగుట్ట మీదుగా నడిచి వస్తూ తీసుకున్నది, మింబా గుడిసె బయట ఆరబెట్టి వదిలేసిన కుండ. ఆమె రేవు రాళ్ళ మీదికి వచ్చేసరికి పడవ కదిలింది. తెడ్డు ఒకటి, రెండు, మూడు... పదోసారి పడ్డాక బెనెబా చెయ్యి చాపింది.

"అమ్మా! నాకు కొసరేదీ?"

మింబా లేచి నిలబడింది. పడవ ఒరిగింది. కూర్చోమని నావికులు ఆవిణ్ణి కిందికి తోశారు. మళ్ళీ లేచింది. మళ్ళీ తోశారు. కట్టేసిన చేతులతో ఏం ఇవ్వగలదు? లేచింది, అంతే. ఓడ నీడలోకి పడవ వెళ్ళేదాకా అలా లేస్తూనే ఉంది.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. మింబాని ఏ దీవిలో దించారో మనవాళ్ళకెవరికీ తెలియలేదు.

ఓడ తెరచాపలు ఎత్తేదాకా బెనెబా చాపిన చెయ్యి దించలేదు. తర్వాత వెనక్కి తిరిగింది. రేవు పొడుగునా జనం గంపలు దించి వరసలుగా కూర్చుంటున్నారు. ఎదురుగా తుపాకుల దండు నిలబడింది. క్వాకో మామ చోటు ఖాళీగా ఉంది. దూరంగా ఎర్రగుట్ట మీద పొగ లేస్తోంది, నల్లగా, లావుగా. అది చూసి ఫిలిడా కొంగు నోట్లో కుక్కుకుంది.

బెనెబా ఆమె పక్కన కూర్చుంది. నెత్తి మీది కుండ దించి ముందు పెట్టుకుంది.

గుమాస్తా గస పోసుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "పని రోజు ఇది! తోటలో ఉండాల్సినవాళ్ళు! ఏ రోజు సంత పెట్టారే ఇది?"

బెనెబా తలెత్తింది.

"మా అమ్మ అడిగిన రోజు," అంది. ఆయన్ని దాటి, తుపాకుల్ని దాటి, ఊళ్ళోకి వినపడేలా గొంతెత్తి పిలిచింది. "కుండలమ్మా, కుండలు!"